బండ్లు, బండలు, బొమ్మలు

చిత్రకళయందలి వింతపోకడలను చూడగోరువారు చిత్రశాలకు పోవలెననియు, అచ్చట చల్లని తెల్లని గోడలనడుమ చేతులు వెనుకకు కట్టుకొని, తల యొక ప్రక్కకు వాల్చి, తమకు బోధపడినదో లేదో ప్రక్కవానికి తెలియనీయక మౌనముగా నిలువవలెననియు మన నగరవాసులలో నొక నమ్మకము స్థిరపడి యున్నది. హైదరాబాదు చరిత్ర ఈ నమ్మకమును బలపరచదు. ఈ నగరమునందు, విశేషించి దాని పడమటి యంచున నేడు హైటెక్ సిటీ, సైబరాబాదు అను పేర్లతో వ్యవహరింపబడుచున్న రాతినేల పరిసరములయందు, వింతకళ చిత్రశాలకంటె ముందుగా ఎడ్లబండిమీదను, కథకుని పటములోను, ఉలి సోకని బండలోను, ఆసుపత్రి వసారాలోను, తుదకు ఒక ప్రభుత్వ కార్యాలయపు ఆకారములోను ప్రత్యక్షమైనది. ప్రత్యక్షమైనప్పుడెల్ల సామాన్యజనము దానిని చూచి బెదరలేదు. బెదరినవారు చదువుకొన్నవారు.

ఎడ్లబండి సంగతి మొదట చెప్పవలసియున్నది. 1949లో హైదరాబాదునుండి ‘కల్పన’ అను హిందీ సాహిత్యపత్రిక వెలువడజొచ్చినది. దానిని నడపిన బద్రీవిశాల్ పిత్తీ సంపన్నమైన వర్తక కుటుంబమున జన్మించియు సమాజవాదోద్యమమున మునిగిన మనిషి. రామమనోహర్ లోహియాకు ఆప్తుడు. కవులను, గాయకులను, చిత్రకారులను ఇంటికి పిలిచి, వారిచేత పని చేయించుకొనుటకంటె వారిని పని చేసికొననిచ్చుటయందే మక్కువ గల పోషకుడు. బొంబాయిలో సినిమా హోర్డింగులు వ్రాసి పొట్ట పోసికొని, 1947లో ఏర్పడిన ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూపులో చేరి ఖ్యాతికెక్కిన ఎం.ఎఫ్. హుసేన్ ఆ యింటికి వచ్చుచు పోవుచుండెడివాడు. పత్రికకు బొమ్మలు వేయుచుండెడివాడు. టాటాల, బిర్లాల గదులలో వ్రేలాడు చిత్రములతోనే తృప్తి చెందక, ఈ దేశపు పల్లెలకు తరతరములుగా తెలిసిన రామాయణమును చిత్రింపుమని లోహియా ఆయనను ప్రేరేపించెను. 1967లో లోహియా గతించెను. హుసేన్ ఆ మాట మరువలేదు. వాల్మీకిని, తులసీదాసును పరిశీలించి, పండితులను పిలిపించి సందేహములు తీర్చుకొని, ఎనిమిది సంవత్సరముల కాలములో దాదాపు 150 రామాయణ చిత్రములు వ్రాసితినని ఆయన తరువాతి కాలమున చెప్పుకొనెను.

ఆ చిత్రములను ఎడ్లబండ్లకెక్కించి హైదరాబాదు చుట్టుపట్ల పల్లెలకు తీసికొనిపోయి, ఆరుబయట పరచి చూపిరి. అవి మన గోడలకు అలవాటైన క్యాలెండరు దేవతల బొమ్మలు కావు. ముఖమున కన్ను ముక్కు లేని మనుష్యులు, ఒక్క గీతతో నింగి కెగసిన హనుమంతుడు, ముక్కలు ముక్కలుగా విరిచి మరల కూర్చినట్లున్న దేహములు: అక్షరాలా నవ్యచిత్రకళ. ఇవి చూచిన పల్లెవాసులలో ఒక్కరును, రాముని కన్ను ఏదీ యని గాని, ఇతడు రాముడని మాకెట్లు తెలియును అని గాని అడుగలేదని హుసేన్ చెప్పెడివాడు. ఆ ప్రశ్నలన్నియు తాను పట్టణములలోనే వింటినని నవ్వెడివాడు. పల్లెజనుల నిర్మలహృదయమునకు నిదర్శనముగా ఈ ఉదంతమును పలువురు ఉదాహరించిరి. నాకు ఆ వ్యాఖ్య రుచింపదు. హృదయనైర్మల్యమును పొగడుట, వారికి చదువు లేదని చెప్పుటకు మర్యాదగల మార్గము మాత్రమే. ఆ పల్లెలవారు ప్రశ్నింపకుండుటకు కారణము వారి కన్ను తర్ఫీదు పొందినదగుట. ఆ తర్ఫీదు ఇచ్చినది చేర్యాల పటము.

నేటి సిద్దిపేట జిల్లాలోని చేర్యాలలో నకాషీలను చిత్రకారులు తరతరములుగా వ్రాయుచు వచ్చిన కథాపటములు తెలంగాణమునందలి కులపురాణములకు దృశ్యరూపములు. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల పిండి, తిరుమాని జిగురు కలిపి పూతమీద పూత పూసి, ఆరనిచ్చి, నునుపు చేసి, దానిమీద ఎఱ్ఱని నేలరంగు పరచి బొమ్మలు దిద్దుదురు. మూడడుగుల వెడల్పున 40, 50 అడుగుల నిడివి గల యట్టి పటమును కథకులు చుట్టచుట్టి భుజముమీద వేసికొని, తమకు మిరాసీ హక్కున్న ఊళ్లకు పోయి, రెండు గుంజలకు కట్టి, ఒక్కొక్క మడత విప్పుచు రాత్రులకు రాత్రులు కథ చెప్పెడివారు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణమును, మాదిగలకు డక్కలివారు జాంబపురాణమును వినిపించుట వారి వారి వృత్తిధర్మము. యాదవులకు కాటమరాజు కథ చెప్పు మందెచ్చులవారు పటమునకు మారుగా నకాషీలు చేసిన కొయ్యబొమ్మలనే వరుసగా నిలిపి కథ నడిపెదరు.

ఆ పటములయందేమున్నదో శ్రద్ధగా చూడుడు. ఆకాశమునకును నేలకును ఒకే ఎరుపు. నాయకుడు తన యింటికంటె పొడుగరి. ఆతని శత్రువు ఆతని మోకాటి యెత్తు. ఒకే మనిషి ఒకే అంకణమున మూడు తావుల నుండును, ఏలనగా ఆ మూడును మూడు గడియలలో జరిగిన పనులు. తామరతూళ్ల దారముతో వస్త్రము నేసి, పులిని వాహనముగా చేసికొని, సూర్యుని కూతురైన భద్రావతిని చేపట్టిన భావనాఋషి అందు సాలెమగ్గము ప్రక్కనే సంసారము చేయుచుండును. భూమి పుట్టకమున్నే పుట్టిన జాంబవంతుడు ఆ భూమి పుట్టుకను తాను చూచినట్లు నిలిచియుండును. కాలమును ఇట్లు మడిచి, పరిమాణమును ఇట్లు తలక్రిందు చేసి, జంతువునకును మానవునకును నడుమనున్న కంచెను ఇట్లు తొలగించి చిత్రించుటకు 1924లో ఆంద్రే బ్రెటన్ పారిసునగరమున ప్రకటనపత్రము వ్రాయవలసివచ్చినది. చేర్యాలలో ప్రకటనపత్రముతో పనిలేకపోయినది. అచ్చట అది అధివాస్తవికత కాదు, పెండ్లి పేరంటములతో సమానమైన ఇంటి వ్యవహారము.

తెలుగు కవులు ఆ పారిసు గాలిని పీల్చినవారే. శ్రీరంగం నారాయణబాబు విజయనగరమున కూర్చుండి అధివాస్తవిక కవిత్వమును తెలుగున నాటెను; శ్రీశ్రీ ఫ్రెంచి అధివాస్తవికుల కవితలను అనువదించెను; ఆరుద్ర 1949లో ‘త్వమేవాహమ్’ వెలువరించి పాఠకులను తికమక పెట్టెను. కాని వారు పారిసువైపు చెవి యొగ్గినంతగా చేర్యాలవైపు కన్ను త్రిప్పలేదు. ఈ లోపమును పూరించినవాడు కవి కాదు, మెదకు జిల్లా నిజాంపురమున 1940లో పుట్టిన కె. లక్ష్మాగౌడ్.

లక్ష్మాగౌడ్ హైదరాబాదున చిత్రకళ నభ్యసించి, బరోడాకు పోయి అచ్చట కె.జి. సుబ్రమణ్యన్ శిష్యరికమున కుడ్యచిత్రణమును ముద్రాచిత్రణమును నేర్చి తిరిగివచ్చినవాడు. రాగిరేకుమీద ఆమ్లముతో గీతలు చెక్కి ఆయన 1960ల తుదినుండి అచ్చొత్తిన నలుపుతెలుపు చిత్రములయందు మేకకును మనిషికిని తేడా చెరగిపోవును. చెట్టు కొమ్మలు అవయవములగును. పల్లెటూరి చీకటియందలి కామము, ఆకలి, పరిహాసము ఒకే శరీరమున చిక్కుపడి కనబడును. పట్టణప్రేక్షకులు ఆ చిత్రములను చూచి సిగ్గుపడిరి, కొందరు మండిపడిరి. ఆయన మాత్రము ఆ పల్లెటూరి కొట్టములలోను తాటివనములలోను పెరిగినవాడగుటచే తాను వింత ఏదియు కల్పించుచున్నట్లు భావింపలేదు. అంతటి విపరీతకల్పనాశిల్పి హైదరాబాదు దూరదర్శన్ కేంద్రమునందు ఉద్యోగము చేసెననియు, స్టూడియోలో తెరలు, సెట్లు రూపొందించుట ఆయన నిత్యకృత్యమైయుండెననియు తలచుకొన్నప్పుడు నాకు కడు ఉత్సాహము కలుగును: సాయంకాలము ఇంటింట ఆ కేంద్రపు ప్రసారములు తిలకించినవారికి, తెర వెనుక ఆ మేకమనుష్యుల సృష్టికర్త యున్నాడని తెలియనే తెలియదు గదా!

ఆయన పిదప గచ్చిబౌలికి వచ్చెను. 1974లో స్థాపింపబడిన హైదరాబాదు విశ్వవిద్యాలయము మొదట అబిడ్సులోని సరోజినీనాయుడు పుట్టినిల్లయిన గోల్డెన్ థ్రెషోల్డులో నడచి, క్రమముగా గచ్చిబౌలియందలి 2,300 ఎకరముల రాతిగుట్టలలోనికి తరలిపోయెను; 1988లో సరోజినీనాయుడు పేర రంగస్థలము, చిత్రశిల్పములు, ప్రసారశాస్త్రము బోధించు శాఖ యొకటి అందు వెలసెను. లక్ష్మాగౌడ్ దానియందు ఆచార్యుడై, దాని డీన్ కూడ అయ్యెను. ఐ.టి. సౌధములు లేవకమున్నే, ఆ ప్రాంతమును గొఱ్ఱెల మేతకును కంకరకును తప్ప పనికిరానిదిగా జనులెంచుచుండిన దినములలోనే, అచ్చట ప్రయోగకళ పాఠముగా చెప్పబడుచుండెనన్నమాట.

ఆ విశ్వవిద్యాలయ ప్రాంగణమునందు, బోధించువారెవ్వరును చెక్కని శిల్పమొకటి కలదు. సన్నని కాడవంటి రాతిమీద పెద్ద తలవంటి రాయి నిలిచిన దానిని మష్రూమ్ రాక్ అందురు. దక్కను పీఠభూమియందలి ఈ శిలలు 250 కోట్ల సంవత్సరముల ప్రాచీనములు. భూగర్భమున చల్లారి గట్టిపడిన గ్రానైటు పగుళ్లువారి దిమ్మలుగా విడిపోగా, ఆ పగుళ్లలోనికి నీరు దిగి మూలలను అంచులను మట్టిగా మార్చివేయగా, ఉల్లిపొరలవలె పైపొరలు రాలి నడిమి గుండ్రని గుండు మిగులగా, పైనున్న మట్టి వానలకు కొట్టుకొనిపోయి ఆ గుండ్లు ఒకదానిమీద నొకటి నిలిచిన స్థితిలో వెలికివచ్చినవి. ఎవ్వరును పేర్చకయే పేర్చినట్లుండుటయే వాని చిత్రము. అధివాస్తవికులు తమ కళయందు బుద్ధిపూర్వక ప్రయత్నమును తగ్గించి యాదృచ్ఛికతకు పెద్దపీట వేయవలెనని వాదించిరి. ఆ సిద్ధాంతమునకు ఇంతకంటె పూర్ణమైన నిదర్శనము నాకు కనబడలేదు.

ఈ రాళ్లతో మానవునికి గల సంబంధము సైతము ప్రాచీనమైనదే. గోలకొండ దుర్గమునకు త్రాగునీరందించిన దుర్గముచెఱువు ఈ గుట్టలమధ్యనే యున్నది. హుస్సేన్‌సాగరమును నిర్మింపించిన హుస్సేన్ షా వలీ దర్గా పాత బొంబాయి బాటమీద ఈ గుట్టల పొంతనే యున్నది. కోటగోడలకు, కట్టలకు, ఇండ్లకు రాయి కొట్టినవారు వడ్డెరలు. చదునైన బండమీద మంట వేసి, వేడికి పైపొర ఉబ్బి విడివడునట్లు చేసి పలకలు లేపుట, వరుసగా గుంతలు తొలిచి మేకులు బిగించి, సమ్మెట దెబ్బలు వంతులవారీగా వేసి, ఏ వైపు పగులవలెనో ఆ వైపే పగులగొట్టుట వారి విద్య. రాతికి గల పొర ఎటు పోవుచున్నదో చెవితో వినువారు వారు. సమ్మెట మ్రోత మారినంతనే చేయి ఆపువారు. ఆ పనికి ఒక హద్దుండెడిది. మనుష్యుని భుజబలమే ఆ హద్దు. తూటాలు, కంప్రెసరు, క్రషరు వచ్చినపిమ్మట అది చెరిగిపోయినది. 250 కోట్ల సంవత్సరముల పని ఒక మధ్యాహ్నములో కంకరగా మారుట సాధ్యమైనది.

ఇచ్చట నొక యూరపు ముచ్చట చెప్పవలసియున్నది. స్పెయిను దేశమునందలి కాటలోనియా సముద్రతీరమున కాప్ డి క్రెయూస్ అను అగ్రము కలదు. గాలికి ఉప్పునీటికి కొరుకుడుపడి జంతువులవలె, ముఖములవలె రూపొందిన ఆ శిలలను బాల్యమునుండి చూచుచు పెరిగిన సాల్వడార్ డాలీ, 1929లో వ్రాసిన తన ప్రసిద్ధచిత్రమునందు నేలకు ముక్కు ఆనించిన ఒక మహాముఖమును అక్కడి బండనుండియే గ్రహించెను; మెత్తబడి వ్రేలాడు గడియారములతో 1931లో వ్రాసిన చిత్రమున వెనుక కనబడు కొండకొమ్ములును ఆ తీరమువే. కాటలోనియా ప్రభుత్వము ఆ ప్రాంతమును 1998లో చట్టము చేసి రక్షితవనముగా ప్రకటించినది. అదే 1998వ సంవత్సరమున, నవంబరు 22వ తేదీన, మాదాపురమునందు ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్సును ప్రారంభించెను. రెండు దేశములు, రెండు రాతినేలలు, ఒకే వత్సరము. ఉద్యోగములు కోరిన రాష్ట్రమును నేను నిందింపను. లక్షల కుటుంబములు ఆ నిర్ణయముచే బ్రదుకుచున్నవి. గుట్టను పిండిచేసిన స్థలమున లేచిన సౌధపు ప్రవేశమందిరమున దూరదేశమునుండి తెప్పించిన నవ్యశిల్పమును నిలిపి, దానిక్రింద వివరణఫలకము బిగించుటను చూచినప్పుడు మాత్రము నాకు నవ్వు ఆగదు.

రాళ్లకు గొంతు లేకపోయినను వానికొఱకు మాటాడువారు 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ అను సంఘముగా ఏర్పడి, బండల నడుమ నడకలు సాగించి, తొమ్మిది శిలాసముదాయములు నగరాభివృద్ధిసంస్థ వారసత్వజాబితాకెక్కుటకు కృషి చేసిరి. ఆ జాబితా చదువుట వినోదము. మష్రూమ్ రాక్ ఒకటి. టోడ్‌స్టూల్ మరొకటి, అనగా పుట్టగొడుగులే రెండు. ఒక మాన్‌స్టర్ రాక్, ఒక ఒబెలిస్క్, ఒక సెంటినెల్. శిల్పారామములోని బండకు పేరు బేర్స్ నోజ్. అయినను వానికి అండగానున్న, ఆ సంస్థ నియమావళియందలి 13వ నిబంధన 2015 డిసెంబరులో తొలగింపబడినది; 2017లో తెలంగాణ వారసత్వ చట్టము వెలువడినది. ఈ నడుమనున్న కాలమున గుట్టలకు కాపలా, వాని బరువే.

శిల్పారామము ప్రస్తావన వచ్చినది గావున దానిని దాటిపోరాదు. సైబర్ టవర్సుకు ఎదురుగా, 1992లో సంకల్పింపబడి 65 ఎకరములలో విస్తరించిన ఈ చేతిపనుల గ్రామము, జనులు తలచునట్లు కేవలము చీరలు, జూకాలు, లక్కబొమ్మలు అమ్ము సంత కాదు. దానియందు గ్రామీణ ప్రదర్శనశాల యొకటి కలదు. కప్పుయిండ్ల ముంగిళ్లలో నిలువెత్తు మట్టిమనుషులు కూర్చుండి యుందురు: కుమ్మరి సారె త్రిప్పుచుండును, కమ్మరి కొలిమి ముందర చేయి ఎత్తియుండును, సాలెవాడు మగ్గపు గుంతలో కాళ్లు దింపియుండును. ఎన్నడును ఆ చేయి దిగదు, ఆ సారె తిరుగదు. ఆ ఆవరణకు బయట ఆ వృత్తులే యుండిన పల్లెలు, మాదాపురము, కొండాపురము, రాయదుర్గము, అంతకంతకు అద్దాలమేడలుగా మారిపోవుచుండగా, మెడలో గుర్తింపుచీటి వ్రేలాడదీసికొన్న యువతీయువకులు ఆదివారమునాడు టిక్కెట్టు కొని లోనికి వచ్చి, ఆ మట్టి కమ్మరి భుజముమీద చేయివేసి ఫోటో దిగుదురు. వారిలో ఎందరో ఆ వృత్తులవారి మనుమలే. ఇంతటి అధివాస్తవిక సన్నివేశమును ఏ చిత్రకారుడును సంకల్పించి రచింపలేదు. విహారయాత్రాశాఖవారు నిర్మలమైన సదుద్దేశముతో ఏర్పరచినది యిది. అచ్చటికి కొద్దిదూరమున కావూరి హిల్సువైపు ప్రభుత్వ చిత్రశాలయైన చిత్రమయి కూడ నున్నది. 2015నుండి భారతీయ ఛాయాచిత్రోత్సవము అందు జరుగుచున్నది. వెలుతురు, స్థలము బాగుగనే యున్నవి. చిత్రశాలను గూర్చి ఇంతకంటె చెప్పుట ఈ వ్యాసమునకు అప్రస్తుతము.

ఆసుపత్రి సంగతి ప్రస్తుతము. ఖమ్మము జిల్లా మధిరయందు 1940లో జన్మించి 2019లో హైదరాబాదున కన్నుమూసిన సూర్యప్రకాశ్, లక్ష్మాగౌడ్ వయసువాడే గాని కళయందు వేఱు దారివాడు. తొలినాళ్లలో ఆయన దృష్టి నాకర్షించినవి పాడుబడి మూలకు చేరిన కార్లు. తుప్పు తిని, నలిగి, తలుపు లూడి, లోనుండి గడ్డి మొలచిన ఆ ఇనుపకళేబరములను ఆయన నైరూప్యమునకు సరిహద్దున నిలిపి చిత్రించెను. రంగు ఏదో తుప్పు ఏదో విడదీయరానట్లుండును. తరువాత ఆయన నీటివైపునకు మరలెను: కొలనులు, తేలియాడు ఆకులు, ఆకులనడుమ ఆకాశపు నీడలు. ఈ చిత్రములు వ్రాసినది 1987లో గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థయందు. ఆయన ఆ సంస్థకు ఆస్థానచిత్రకారుడుగా నుండెను. ఇట్టి పదవి రాజాస్థానములలో వింటిమి గాని ఆసుపత్రులలో వినియెరుగము.

కంటి ఆసుపత్రియందు నైరూప్యచిత్రము! దీనియందలి ఔచిత్యము నాకు ఎంత తలచినను తనివితీరదు. చూపు మసకబారి, దీపము చుట్టు రంగుల వలయములు కనబడు స్థితిలో, పల్లెనుండి కొడుకు చేయి పట్టుకొని వచ్చిన వృద్ధునికి ఎట్టి చిత్రమైనను నైరూప్యమే. చికిత్స జరిగి కట్టు విప్పినపిమ్మట కూడ సూర్యప్రకాశుని కొలను కొలనుగా స్పష్టపడక, రంగులుగానే మిగులును. చిత్రశాలయందు విమర్శకుడు పడు తబ్బిబ్బు ఆ వృద్ధునికి లేదు. ఆయన వచ్చినదే చూచుట నేర్చుకొనుటకు. వరుససంఖ్య పిలుచువరకు బల్లమీద కూర్చుండి గంటసేపు ఒకే చిత్రమువంక చూచు అవకాశము మన నగరమున మరి యెవ్వరికి దొరకుచున్నది?

సూర్యప్రకాశుడు పాతకార్లను పటముమీదికి ఎక్కించగా, నగరపు మరియొక కొనయందు బహదూర్‌పురాకు చెందిన కె. సుధాకర్ అట్టి తుక్కునే మరల రోడ్డుకెక్కించెను. బూటు, క్రికెట్ బ్యాటు, కెమేరా, బర్గరు, లిప్‌స్టిక్కు ఆకారములలో నిజముగా నడచు బండ్లను ఆయన తుక్కు సామానులతో నిర్మించి 2010లో ఒక ప్రదర్శనశాల తెరచెను. అంతకుముందే 2005లో 41 అడుగుల 7 అంగుళముల యెత్తున మూడుచక్రముల సైకిలు చేసి గిన్నిస్ గ్రంథమున చోటు సంపాదించెను. దీనిని కళ యనవచ్చునా యని ఎవ్వరును ఆయన నడుగలేదు. పిల్లలు మాత్రము తల్లిదండ్రుల చేతులు వదిలించుకొని ఆ బూటువంక పరుగెత్తుదురు.

ఇక చేప. సైబరాబాదు పోలీసు పరిధిలో నుండుచువచ్చిన రాజేంద్రనగరమున, పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ప్రక్కను, నాలుగంతస్తుల చేప యొకటి గాలిలో ఈదుచున్నట్లు నిలిచియున్నది. 2006లో ఏర్పడిన జాతీయ మత్స్యాభివృద్ధి మండలి ప్రధానకార్యాలయమది, 2012లో ప్రారంభమైనది, కట్టినది కేంద్ర ప్రజాపనుల శాఖ. రేకుల పొలుసులు, రెక్కలు, గుండ్రని కన్నులు, పొట్టక్రిందనుండి లోనికి మెట్లు. లోపల గుమాస్తాలు దస్త్రములు త్రిప్పుచుందురు. 1992 ఒలింపిక్సు సందర్భమున బార్సిలోనా తీరమున ఫ్రాంక్ గేరీ నిలిపిన లోహమత్స్యముతో దీనిని పలువురు పోల్చిరి. అమ్ము సరకు ఆకారముననే అంగడి కట్టు ఆచారము అమెరికాలో ముందే కలదు: బాతులు, బాతుగ్రుడ్లు అమ్ముటకై న్యూయార్కు ప్రాంతపు లాంగ్ ఐలండున 1931లో కట్టిన పెద్ద బాతును ఆధారము చేసికొని, రాబర్ట్ వెంచురీ ప్రభృతులు 1972లో వెలువరించిన గ్రంథమునందు ఇట్టి భవనములన్నిటిని బాతులను వర్గమున చేర్చిరి. కాని ఆ బాతు ఒక రైతు అంగడి. గేరీ చేప ఒక మహాశిల్పి కీర్తిపతాక. టెండర్లు పిలిచి, అంచనాలు వేసి, ఆడిటు అభ్యంతరములకు సమాధానములు వ్రాయు ప్రభుత్వశాఖ చేపను కట్టుటయే లోకవింత. ఆ నక్షా ఎన్ని బల్లలు దాటివచ్చియుండునో! ఒక్క బల్లవద్దనైన, చేపకు తోక అవసరమా యని వ్రాసి త్రిప్పి పంపకపోవుట మన పరిపాలనాచరిత్రలో నొక శుభఘట్టము.

ఆ చుట్టుపట్లవారు దానిని వాస్తుకళగా చర్చింపరు. ఎక్స్‌ప్రెస్‌వే కట్టినప్పటినుండి ఆ బాటపొడవునను చిరునామాలు స్తంభముల సంఖ్యలలోనే చెప్పబడుచున్నవి. 235వ నంబరు పిల్లరు అని చెప్పుటకు బదులు చేప బిల్డింగు అందురు, ఆటో దిగుదురు, తమ పనిమీద తాము పోవుదురు. ఒక కళాఖండము ఊరి వాడుకలో గుర్తుగా మారుట విమర్శకుని ప్రశంసకంటె గట్టి అంగీకారమని నా తలంపు.

ఈ వరుసలో కడపటిది, ఖైరతాబాదు ప్రక్కను హుస్సేన్‌సాగరము చేరువనున్న మక్తా. 2016లో స్టార్ట్ ఇండియా ఫౌండేషను అను సంస్థ దేశవిదేశముల చిత్రకారులను రప్పించి, ఆ ఇరుకుసందుల ఇండ్లగోడలమీద నిలువెత్తు చిత్రములు వ్రాయించినది. ఇంటివారు గోడ ఇచ్చిరి. చీరలారవేయు తీగ మాత్రము తీయలేదు, తీయనక్కరలేదు. నేడు ఐ.టి. ప్రాంతపు ఫ్లైఓవరు స్తంభములకును, ప్రహరీలకును రంగులు వేయించు ఉత్సాహము ప్రబలినది గాని, వానిలో పెక్కు పూలు, పక్షులు, పరిశుభ్రతానినాదములు. వింతగొలుపు ధైర్యము వానికి లేదు. మక్తా గోడలకు ఆ ధైర్యము కలదు. ఎండకు వానకు ఆ రంగులు వెలియుట సహజమే, అందులకు విచారింపవలసిన పని లేదు. చేర్యాల పటము చీకిపోయినప్పుడు కథకులు నకాషీలచేత క్రొత్తపటము వ్రాయించుకొని, పాతదానికి పూజచేసి నదిలో విడిచెడివారు. గోడకు కూడ అదే మర్యాద చాలును. సున్నము కొట్టించి, చేర్యాలనుండి నకాషీ నొకనిని, గచ్చిబౌలినుండి విద్యార్థి నొకనిని పిలిపించి, ఇద్దరిని ఒకే సారవమీదికి ఎక్కించి, ఏమి వ్రాయుదురో చూడవలెనని నాకు కుతూహలము. కూలి మాత్రము ఇద్దరికిని సమానముగా ఇయ్యవలెను.